తవ్వకూడని ఎడారిలో ఖనిజాల అంచనా: అమ్మాయికి ఈ దారి సరైనదేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ ఫైనలియర్. కాలిఫోర్నియా మొహావీ ఎడారిలో రక్షిత ప్రాంతాల్లో ఖనిజాలు అంచనా వేసే పని చేస్తానంటోంది. తవ్వకాలే వద్దన్న చోట ఆ పనెందుకు? అప్పు చేసి అమెరికా పంపాలా? – ఒక తండ్రి, కడప

జవాబు: తవ్వకాలు వద్దని చట్టం చేసే ముందు అక్కడ ఏముందో తెలియాలి కదండీ, అందుకే ఆ పని. అమెరికాలో 1964 వైల్డర్‌నెస్ చట్టంలోనే (సహజ అటవీ, ఎడారి ప్రాంతాలను అలాగే కాపాడే చట్టం) ఖనిజ సర్వే చేయాలని రాశారు. మొహావీలో 1980లలో యూఎస్ జియలాజికల్ సర్వే, అప్పటి బ్యూరో ఆఫ్ మైన్స్ వాళ్లు కొండ కొండా తిరిగి రిపోర్టులు రాశారు, 1994లో ఎడారి రక్షణ చట్టం వచ్చింది.

ఎండిన వాగుల్లో ఇసుక జల్లించి, పళ్లెంలో కడిగి, బరువైన గింజలు మిగిల్చి, అందులో అయస్కాంతానికి అంటుకునేవి తీసేసి మిగతాది ల్యాబ్‌లో చూస్తారు. ఎగువ కొండలో టంగ్‌స్టనో బంగారమో ఉంటే దాని జాడ వాగులోకి దిగుతుంది. చివరికి అవకాశం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అని రాసి, పక్కనే ఆ మాట ఎంత నమ్మకంగా అంటున్నారో ఏ నుంచి డి వరకు ఒక అక్షరం వేస్తారు. "లేదు" వేరు, "ఆధారం చాలలేదు" వేరు. ఒత్తిడి ఎటు నుంచి వచ్చినా ఆ తేడా చెరిపేయకుండా రాయగలగడమే ఈ వృత్తి, నాకు దీని మీద గౌరవం అందుకే.

ఇక డబ్బు సంగతి. అక్కడి ఫెడరల్ ఉద్యోగాలకు మామూలుగా అమెరికా పౌరసత్వం అడుగుతారు, కాబట్టి ఆ ఒక్క ఉద్యోగాన్ని నమ్ముకుని లక్షల్లో అప్పు చేయకండి. ముందు ఇక్కడే ఎమ్మెస్సీ చేయించండి. జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీకి వెళ్లొచ్చు, లేదా ఉస్మానియా, ఆంధ్రా, ఎస్వీ యూనివర్సిటీలున్నాయి. ఆ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష, జీఎస్ఐలో (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) జియాలజిస్ట్ ఉద్యోగం దాని ద్వారానే. పోటీ గట్టిగానే ఉంటుంది, టెన్షనూ ఉంటుంది. ఎడారే కావాలంటే రాజస్థాన్‌లో నాగౌర్–గంగానగర్ బేసిన్ ఉంది, అక్కడ పొటాష్ కోసం జీఎస్ఐ అన్వేషణ చేసింది.

ఒక్కటి అడుగుతాను, ఆడపిల్ల అని ఫీల్డ్ క్యాంపులకు పంపడం మానకండి. మీది కడప, ఊరు దాటితే చాలు చదవడానికి రాళ్లే రాళ్లు. బ్రంటన్ కంపాస్ (రాతి పొరల దిశ, వాలు కొలిచే దిక్సూచి) పట్టుకుని సొంతంగా మ్యాపు గీయడం ఈ ఏడాదే మొదలుపెట్టమనండి.