పాత కారుకి కొత్త అద్దం

ప్రశ్న: నా దగ్గర 1960ల నాటి కారు ఉంది. ముందు అద్దం పగిలింది, కొత్తది దొరికింది. పాత రబ్బరుతోనే ఇంట్లో బిగించుకోవచ్చా?

జవాబు: బిగించుకోవచ్చు, కానీ పాత రబ్బరు మాత్రం వద్దండీ. ఏళ్ల తరబడి ఎండకి గట్టిపడిన రబ్బరు మొదటి వానకే నీళ్లు కారుస్తుంది, పైగా బిగించేటప్పుడు అద్దం మీద ఒత్తిడి పెట్టి కొత్తదాన్ని కూడా పగలగొట్టగలదు. ఇప్పటి కార్లలో అద్దాన్ని జిగురుతో అతికిస్తారు, మీ కాలం కార్లలో చాలావాటికి రబ్బరే ఆధారం. పాతది తీశాక ఫ్రేమ్ చుట్టూ తుప్పు ఉందేమో చూడండి, దాదాపు ఉంటుంది, దాన్ని గీకి, ప్రైమర్, పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఇక్కడ తొందరపడ్డవాళ్లే తర్వాత తల పట్టుకుంటారు!

కొత్త రబ్బరును ముందు అద్దానికి తొడిగి, ఫ్రేమ్ మీద కూర్చునే గాడిలో సన్నటి గట్టి తాడు చుట్టూ పెట్టి, కొసలు కారు లోపలికి వదలండి. సబ్బు నీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో మెల్లగా నొక్కుతుంటే లోపల మీరు తాడు లాగుతూ పోతే రబ్బరు అంచు దానంతటదే ఫ్రేమ్ లోపలికి తిరుగుతుంది. మూలల దగ్గర మాత్రం బలం చూపించకండి. అన్నట్టు, కొనేముందు అది లామినేటెడ్ అద్దమేనా అని అడగండి, పగిలినా మధ్యలోని ప్లాస్టిక్ పొర ముక్కల్ని పట్టి ఉంచుతుంది.