కొత్త ఎస్‌ఎస్‌డీ వేసినా ఇన్‌స్టాల్ సగంలోనే ఆగిపోతుంటే

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2009 నాటి కోర్ టూ డుయో డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 7 తీసేసి లినక్స్ మింట్ వేద్దామంటే, ఫైళ్లు కాపీ అవుతుండగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఆగిపోతోంది. హార్డ్ డిస్క్ పోయిందని షాపులో చెబితే ఎస్‌ఎస్‌డీ కొన్నారు. అయినా అదే వరస.

డిస్క్ మార్చినా అదే ఎర్రర్ వస్తోందంటే ఇక డిస్క్ జోలికి పోకండి. ముందు ర్యామ్ చూడండి. మా ఇంట్లో ఇదే వయసు మెషీన్ ఒకటి అచ్చం ఇలాగే సతాయించింది. ఒకసారి లాంగ్వేజ్ ప్యాక్‌ల దగ్గర ఆగేది, ఇంకోసారి గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) దాకా వచ్చి చచ్చేది. అలా ఆగే చోటు మారుతుండటమే అసలు ఆధారం. ప్రతిసారీ ఒకే ఫైల్ దగ్గర ఆగితే డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఇన్‌స్టాల్ ఫైల్‌నో, పెన్‌డ్రైవ్‌నో, డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లనో (పాడైన చోట్లు) అనుమానించాలి. చోటు మారుతుంటే మాత్రం ర్యామ్, సాటా కేబుల్ (డిస్క్‌ని బోర్డుకి కలిపేది), పవర్ సప్లై, ఆ వరసలో.

మరి విండోస్ 7 ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా అంటారేమో. లైవ్ పెన్‌డ్రైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ కోసం బూట్ చేసే పెన్‌డ్రైవ్‌లో, సిస్టమ్ అంతా కంప్రెస్ చేసిన ఒకే పెద్ద ఫైల్‌గా ఉంటుంది. కాపీ జరిగేటప్పుడు దాన్లోంచి చదివిందల్లా ర్యామ్‌లో పేరుకుంటూ పోతుంది, కాసేపటికి ర్యామ్ దాదాపు నిండిపోతుంది. రోజూ బ్రౌజర్ వరకే వాడుకుంటే ఎప్పుడూ తగలని చెడ్డ సెల్ అప్పుడు తగులుతుంది. పైగా కంప్రెస్ అయిన డేటాలో ఒక్క బిట్ తిరగబడినా ఆ బ్లాకు మొత్తం విప్పడం కుదరదు. లోపం ర్యామ్‌లో ఉన్నా, స్క్రీన్ మీద ఎర్రర్ మాత్రం డిస్క్ పేరుతోనే కనిపిస్తుంది.

తేల్చుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. మీ పాత డిస్క్‌లో ఉన్న ఏదైనా పెద్ద ఫైల్‌కి, ఆ ఐఎస్ఓ అయినా సరే, షా256సమ్ (ఫైల్‌లోని డేటాని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) తీసి రాసుకోండి. రీబూట్ చేసి మళ్లీ తీయండి. మధ్యలో రీబూట్ తప్పనిసరి. లేకపోతే రెండోసారి డిస్క్ దాకా వెళ్లకుండా ర్యామ్‌లో ఉన్న కాపీనే చదివి అదే జవాబు చెబుతుంది. రెండు జవాబులు వేరుగా వస్తే ఐఎస్ఓ మంచిదా కాదా అన్న గొడవే లేదు, లోపం హార్డ్‌వేర్‌దే.

తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ పనికిరానట్టే, ‘రెండే కదా’ అని సరిపెట్టుకోకండి. ఎర్రర్లు వస్తే ఒక్కో ర్యామ్ స్టిక్ విడిగా పెట్టి మళ్లీ నడపండి. మావాళ్లు స్టిక్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. అది పనిచేయదని అనను, కానీ ఆ పొడి స్లాట్‌లో పడితే కొత్త తంటా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు. నా దాంట్లో ఒక స్టిక్ తీసి పక్కన పడేశాక, ఉన్న 2 జీబీతోనే ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయింది.

ర్యామ్ మీద అనుమానం ఉన్నంతసేపు మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్‌లో ఫైళ్ల అమరికను సరిచేసే కమాండ్) నడపకండి. చెడ్డ ర్యామ్‌తో రిపేర్ చేయిస్తే బాగున్న ఫోల్డర్లు కూడా చెల్లాచెదురవుతాయి. సగంలో ఆగిన ఇన్‌స్టాల్‌ను అతుకులు వేసి వాడుకోవాలనీ చూడకండి. లినక్స్ ఫైళ్లు దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతి ఫైల్‌లోని డేటాకి చెక్‌సమ్ (సరిచూసుకునే కోడ్) ఉంచదు కాబట్టి ఏ ఫైల్ పాడైందో మీకు చెప్పేవాళ్లుండరు. ర్యామ్ సరిచేశాక ఫార్మాట్ కొట్టి మొదటినుంచి వేయండి.

మెమ్‌టెస్ట్ క్లీన్‌గా వస్తే కేబుల్ వంతు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో 199 నంబరు వరుస, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (కేబుల్ దారిలో డేటా పాడైన లెక్క), చూడండి. కేబుల్ మార్చినంత మాత్రాన ఆ అంకె సున్నా కాదు. మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

ఇది చదివే మిగతావాళ్లకి: మీది 2011 మొదట్లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ (ఇంటెల్ ప్రాసెసర్ల ఒక తరం) బోర్డయితే ఇంకో కారణం ఉండొచ్చు. ఆ ఇంటెల్ 6 సిరీస్ చిప్‌సెట్లలో 3 జీబీపీఎస్ సాటా పోర్టులు వాడకంలో క్రమంగా దెబ్బతినే లోపం ఉందని ఇంటెల్ స్వయంగా 2011 జనవరిలో ప్రకటించింది. బీ3 స్టెప్పింగ్ అనే సరిదిద్దిన చిప్ వెర్షన్‌తో సరిచేసింది. 6 జీబీపీఎస్ పోర్టులకు ఆ బెడద లేదు, డిస్క్‌ని వాటిలోకి మార్చుకోండి.

బయాస్‌లో తేదీ కూడా ఓసారి చూడండి. మదర్‌బోర్డు మీది సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, అప్‌డేట్ చేసేటప్పుడు సర్టిఫికెట్ ఎర్రర్లు వస్తాయి. దాన్ని కూడా డేటా పాడైపోవడం అనుకుని బెంబేలెత్తేవాళ్లున్నారు. సీఆర్2032 సెల్ వేస్తే సరి.

మీ పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం పారేయకండి. దాని స్మార్ట్ రిపోర్ట్‌లో 5 (పాడై మార్చేసిన సెక్టార్లు), 197 (అనుమానంలో ఉన్న సెక్టార్లు), 199 నంబరు వరుసల అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. 5, 197 సున్నా ఉంటే చాలావరకు అది ఇంకా వాడుకోదగ్గదే.