ముందు అర్జీ రాయి, తర్వాత కథ

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవికి ఆశీస్సులు.

మీ తాతయ్య మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ మూడో పేజీలో ఒక్క వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. "తాతయ్య మూడు మెడల్సూ చాప మీద వరసగా పెట్టాడు, మొదటిదానికి ముందు వేలెడు జాగా వదిలాడు" అని రాశావు చూడు, అదీ. కిందటి నెల నేను విజయవాడ వచ్చి సత్యనారాయణపురంలో మీ ఇంటికొచ్చినప్పుడు నా ముందూ ఆయన అలాగే పెట్టారు. నేను చూసి కూడా గమనించలేదు. నువ్వు గమనించావు. అక్కడ నీలో రచయిత్రి ఉంది.

మిగతా పేజీల గురించీ చెప్పాలి. కటువుగా ఉంటే ఓర్చుకో. "శత్రువు గుండెల్లో నిద్రపోయిన సింహం", "రక్తాక్షరాల చరిత్ర" లాంటి మాటలు ఏ సైనికుడికైనా అతుకుతాయి, అందుకే మీ తాతయ్యకి అతకవు. ఆయన సిగ్నల్స్‌లో, అంటే సైన్యానికి సమాచార సంబంధాలు చూసే విభాగంలో, లైన్‌మన్. భుజాన తీగచుట్ట వేసుకుని, రాత్రిపూట చెరకు తోటలకి అడ్డంపడి నడిచి, ఫిరంగుల దగ్గర్నించి వెనకున్న కమాండ్ పోస్టు దాకా టెలిఫోన్ లైను వేసిన మనిషి. గుండు పడి తీగ తెగితే, తెగిన చోటు చీకట్లో చేత్తో తడుముతూ వెతికి అతుకేసిన మనిషి. నాకు కాఫీ చల్లారేలోపల ఇంత చెప్పారు. నీ కథలో తుపాకి బోలెడుసార్లు వచ్చింది, తీగ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

ఇక ముగింపు. పెద్ద ఆఫీసరు ఇంటికొచ్చి, మంచంలో ఉన్న తాతయ్య గుండెల మీద మెడల్ పెట్టగానే ఆయన కన్నుమూస్తారు. అమ్మా, ఆయన రోజూ తెల్లారకముందే లేచి కాలవగట్టు దాకా నడిచొస్తున్నారు. డెబ్భై ఆరేళ్ళ వయసులో, తన పేరు మీదున్న కాగితం సరిచేయించుకోవాలని ఇంకా తిరుగుతున్నారు. ఆ తిరుగుడంతా వదిలేసి చావులోంచి కన్నీళ్ళు తెచ్చుకోవటం ఆయనకి అన్యాయం చేసినట్టే.

అందుకని కథ కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు ఆయన అర్జీ నువ్వు రాయి.

ఎందుకంటున్నానో చెప్తాను. ఐదో పేజీలో "ఆయన శౌర్యానికి దక్కని పతకం" అన్నావు. ఆయన అడుగుతున్నది శౌర్య పతకం కాదు. పరమ్‌వీర్ చక్ర, మహావీర్ చక్ర, వీర్ చక్ర వేరే వరస. అవి ఒక మనిషి చేసిన ఒక పనికి ఇచ్చేవి. మీ తాతయ్య అడిగేది పశ్చిమీ స్టార్. 1971 డిసెంబరు యుద్ధంలో పడమటి సరిహద్దు మీద పనిచేసినవాళ్ళకి ఇచ్చింది. తూర్పున, ఇప్పటి బంగ్లాదేశ్ వైపు పోరాడినవాళ్ళకి పూర్వీ స్టార్. రెండింటినీ 1973లో ఏర్పాటు చేశారు. సంగ్రామ్ మెడల్ ఇంకా విస్తారంగా, ఆ రోజుల్లో సర్వీసులో ఉన్న చాలామందికి వచ్చింది. ఛాతీ మీద పెట్టుకునే వరసలో స్టార్ ముందు, సంగ్రామ్ మెడల్ తర్వాత. ఆయన వేలెడు జాగా ముందెందుకు వదిలారో ఇప్పుడు తెలిసిందా? ఆ వరస ఆయనకి యాభై ఏళ్ళుగా నోటికొచ్చు. ఆ స్టార్ వచ్చినా నెలకి ఒక్క రూపాయి రాదు. నేను వీరుణ్ణని ఆయన ఎక్కడా అనటం లేదు. ఆ పధ్నాలుగు రోజులూ నేనక్కడ ఉన్నాను, ఉన్నట్టు రాయండి అంటున్నారు. ఒక ఆఫీసులో గుమస్తా "ఇదొస్తే పింఛను పెరుగుద్దా?" అనడిగితే ఆయన సమాధానం చెప్పకుండా లేచొచ్చేశారట. ఇది నీ కథలో లేదు. ఎందుకు వదిలేశావు?

ఈ తేడా నేను కూడా ఒక మనిషిని నొప్పించి నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో సైనికుడి కథ రాశాను. పంజాబ్ సరిహద్దులో పనిచేసినవాడి గుండెల మీద పూర్వీ స్టార్ పెట్టాను, మాట వినసొంపుగా ఉందని. కథ అచ్చయిన నెల్లాళ్ళకి బాపట్ల నుంచి ఒక రిటైర్డ్ హవల్దారు పాసింజరు బండెక్కి మా ఇంటికొచ్చారు. తిట్టలేదు. కాఫీ తాగి, పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, "తూర్పున పోయినవాళ్ళు మాకు తెలిసినవాళ్ళేనండి. వాళ్ళది తీసి మాకు పెట్టకండి" అన్నారు. ఆయన వెళ్ళాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ కథని ఇప్పటిదాకా ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

మీ తాతయ్య మెడల్స్ నువ్వింకా సరిగ్గా చూడలేదనుకుంటాను. చేతిలోకి తీసుకుని అంచు మీద గోరు పెట్టి నెమ్మదిగా తిప్పు. సర్కారు ఇచ్చిన మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. సంగ్రామ్ మెడల్ మీదా, తొమ్మిదేళ్ళ లాంగ్ సర్వీస్ మెడల్ మీదా నా గోటికి అక్షరాలు తగిలాయి. 1972లో స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భానికి ఇచ్చిన మెడల్ అంచు మాత్రం నున్నగా ఉంది. అసలుది ఇల్లు మారినప్పుడు పోయిందట, జెండా పండక్కి పెట్టుకోవటానికి బజార్లో కొన్నారట. అలా చెప్పేటప్పుడు ఆయన తల దించుకున్నారు. నువ్వు కథలో "పోయిన మెడల్స్" అని ఒకే మాటతో సరిపెట్టావు. చేతికొచ్చి పోయింది ఒకటి, చేతికి రానేరానిది ఇంకొకటి. మొదటిదానికి రికార్డులో పేరుంది, రెండోదానికి లేదు. అర్జీలో ఈ రెండూ కలిపేస్తే ఆయన కాగితాన్ని ఏ బల్ల దగ్గరా పట్టించుకోరు.

రాకపోవటానికి కారణం ఏమిటో కూడా తెలుసుకో. సైన్యంలో జవాను జీవితంలో ఏది జరిగినా, పెళ్ళి కానీ, బిడ్డ పుట్టటం కానీ, కోర్సు పాసవటం, ప్రమోషను, మెడల్ ఏదైనా, యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డర్‌గా వేయాలి. అది రికార్డ్ ఆఫీసుకి చేరాలి. అక్కడ షీట్ రోల్‌లో, అంటే ఆ జవాను సర్వీసు చిట్టాలో, ఎక్కాలి. సిగ్నల్స్ వాళ్ళ రికార్డులు జబల్‌పూర్‌లో ఉంటాయి. ఇంట్లో ఉన్న డిస్చార్జి బుక్కులో కనపడేది ఆ షీట్ రోల్ నీడ మాత్రమే. మీ తాతయ్య యుద్ధం నాటికి సొంత యూనిట్‌లో లేరు, లైన్ పార్టీతో వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా, పడమటి సరిహద్దులోని శకర్‌గఢ్ సెక్టారుకి వెళ్ళారు. స్టార్ ఏర్పాటయ్యే నాటికి ఇంకో చోటికి పోస్టింగ్ అయ్యారు. యుద్ధంలో ఆయన్ని చూసినవాళ్ళ దగ్గర ఆయన కాగితాలు లేవు. కాగితాలున్నవాళ్ళు ఆయన్ని అక్కడ చూడలేదు. నా అంచనా ఇది. ఎవరూ పగబట్టి చేసింది కాదు, ఒక ఆర్డరు పడాల్సిన రోజున పడలేదు. నీ కథలో ఒక దుర్మార్గుడైన ఆఫీసర్ని పెట్టావే, ఆయన్ని తీసెయ్యి. ఆయన లేకపోతేనే బాధ ఎక్కువ.

పేరు సంగతి కూడా చూసుకో. మనకి ఇంటిపేరు ముందు. ఊళ్ళో పొడి అక్షరం చాలు. భర్తీ రోజున మన భాష రాని రైటరు ఏ ముక్క వింటే ఆ ముక్క రాసుకున్నాడు. మెడల్ అంచు మీద ఒక రకంగా, పింఛను ఉత్తర్వులో (పీపీవో) ఒక రకంగా, ఆధార్‌లో మూడో రకంగా ఉంది ఆయన పేరు. అర్జీలో మాత్రం సైన్యం రాసుకున్నట్టే రాయి, తప్పుంటే ఆ తప్పుతో సహా. సర్వీసు నంబరు చివర ఉండే అక్షరం వదలకు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తాను. మీ అమ్మమ్మ దగ్గర బిస్కట్ల డబ్బా ఉంది. నేను బయల్దేరబోతుంటే తెచ్చి చూపించింది. అందులో ఒక ఉత్తరం 1971 డిసెంబరు 20న రాసింది. కాల్పులు ఆగిన మూడో రోజు. ఎక్కడున్నదీ రాయలేదు, రాయకూడదు. "గేదె ఈనిందా? ఇక్కడ చలి జాస్తి. వేళ్ళు వంగటం లేదు, అందుకే అక్షరాలు ఇట్లా వచ్చినయ్. ఛుట్టీ దొరికితే సంక్రాంతికి వస్తా." అంతే. వెనక పంపినవారి చిరునామా చూడు. నంబరు, పేరు, అప్పుడు అటాచ్‌మెంట్‌లో ఉన్న యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏపీవో, అంటే సైన్యం తపాలా ఆఫీసు. పైన ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తేదీతో. యాభై ఏళ్ళుగా ఆయన ఎవరికీ చూపించలేకపోయిన ముక్క వంటింటి అటక మీద ఉంది. ఆమె దాన్ని దాచింది సాక్ష్యం అని కాదు. పెళ్ళయ్యాక ఆయన రాసిన మొదటి ఉత్తరం అని. దాన్ని పొరపాటున కూడా పోస్టులో పంపకు. రెండు వైపులా జిరాక్స్ తీయించి, నకలు మాత్రం జతచెయ్యి. అదొక్కటే చాలదు, కానీ ఏ యూనిట్ పార్ట్ టూ ఆర్డర్లు వెతకాలో వాళ్ళకి అది చెప్తుంది. ఇన్నాళ్ళూ ఆయన అర్జీల్లో లేనిది ఆ పేరే. పాతవి చూశాను. "దేశానికి సేవ చేశాను, న్యాయం చేయండి" అని ఉంది కానీ, ఏ యూనిట్‌తో వెళ్ళారో లేదు. "రికార్డులో లేదు" అని రెండు లైన్ల జవాబు వచ్చింది.

ఒక ఆదివారం ఆయన పక్కన కూచో. తెలుగులో చెప్పమను, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో, తర్వాత ఇంగ్లీషులోకి మార్చు. ఇలా వస్తే చాలు:

"1971 డిసెంబరులో నేను పైన చెప్పిన యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద శకర్‌గఢ్ సెక్టారులో లైన్ పార్టీలో పనిచేశాను. నా డిస్చార్జి బుక్కులో సంగ్రామ్ మెడల్ నమోదైంది. పశ్చిమీ స్టార్ నమోదు కాలేదు. ఆ యూనిట్ పార్ట్ టూ ఆర్డర్లతో నా షీట్ రోల్ సరిచూసి, అర్హత ఉంటే నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాను."

ఒక్క విశేషణం లేదు చూడు. రాయటం మొదలుపెట్టాక తెలుస్తుంది ఎంత కష్టమో. ప్రతి వాక్యానికీ "ఎప్పుడు? ఎక్కడ? ఎవరితో?" అని ఆయన్ని అడగాలి, ఆయన గుర్తు తెచ్చుకోవాలి. నా నలభై ఏళ్ళ రాతలో కథలు నాకు నేర్పనిది ఇలాంటి అర్జీలు నేర్పాయి. మా వీధిలో వితంతు పింఛన్లకీ, పొలం పాసుపుస్తకాలకీ రాసిపెట్టినవి.

"అర్హత ఉంటే" అన్న దగ్గర ఆయన నిన్ను ఆపుతారు. "ఉంటే ఏంటి? నేను అబద్ధం చెప్తున్నానా?" అంటారు. అర్జీలో ఆ మాట ఉండాల్సిందే, తేల్చాల్సింది వాళ్ళు కాబట్టి. ఆయన ఒప్పుకునేదాకా కూచో, ఓపిగ్గా చెప్పు. కానీ ఆ "ఉంటే" దగ్గర ఆయన మొహం ఎలా మారిందో, చెయ్యి ఎటు పోయిందో, ఎంతసేపు మాట్లాడలేదో, అది అర్జీలోకి రాదు. అది నీది. నీ కథ అక్కణ్ణించి మొదలుపెట్టుకో.

మిగతావి చిన్న పనులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒకసారి చూపించి, వాళ్ళ ద్వారా ఒక ప్రతి పంపించు. ఇంకొకటి నేరుగా జబల్‌పూర్‌కి స్పీడ్ పోస్టు. నెలా రెండు నెలలు చూసి ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు కింద ఆయన పేరుతోనే షీట్ రోల్ నకలు అడుగు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, ముప్ఫై రోజుల గడువు, ఆ పైన అప్పీలు. అదీ కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. అంతదాకా వెళ్ళాలో వద్దో ఆయన ఓపికని బట్టి ఆయనే చెప్పాలి, నువ్వు కథ కోసం ఆయన్ని లాగకు. ఆయనతో ఆ లైన్ పార్టీలో ఉన్నవాళ్ళు ఎవరైనా బతికుంటే, మాజీ సైనికుల సంఘం ద్వారా కనుక్కుని అఫిడవిట్ అడుగు. ఇద్దరి పేర్లు నాతో చెప్పారు, ఒకరిది తమిళనాడట. వాళ్ళని వెతకటానికి ఆయన ఇన్నేళ్ళూ ఎందుకు జంకారో నాకు అర్థం కాలేదు. బతికి లేరని తెలుస్తుందేమోనని భయమేమో. మెల్లగా అడుగు.

జనవరిలో పుస్తకాల పండక్కి విజయవాడ వస్తాను. అప్పటికి కథ అవ్వాలని లేదు, స్పీడ్ పోస్టు రసీదు చూపిస్తే చాలు.

ఆయన్ని ఇంకొకటి అడిగి నాకు రాయి. తెగిన తీగ అతికేముందు పైన తొడుగు ఊడదియ్యాలి కదా. ఆ చలికి వేళ్ళు వంగటం లేదని ఉత్తరంలో రాశారు. మరి ఆ చీకట్లో కత్తితో గీకేవారా, పళ్ళతో ఒలిచేవారా?

ఆశీస్సులతో,
మీ మాస్టారు