పాఠకుల ప్రశ్నలు: చైనాలో చదువుకుంటూ ఊళ్ళు చూడాలంటే

ప్రశ్న: వూహాన్‌లో ఎంబీబీఎస్ రెండో ఏడు చదువుతున్నాను. అక్టోబర్ 1 సెలవుల్లో నలుగురం కలిసి బీజింగ్ వెళ్దామనుకుంటున్నాం. నిషిద్ధ నగరానికి (చక్రవర్తుల పాత రాజప్రాసాదం, ఫర్బిడెన్ సిటీ) అక్కడికి వెళ్ళాక టికెట్ కొనుక్కోవచ్చా? చైనా మహాగోడ చూడ్డానికి ఎటు వెళ్ళాలి?

జవాబు: వీలైతే ముందు తేదీలు మార్చుకోండి. అక్టోబర్ మొదటి వారంలో చైనా అంతటికీ ఒకేసారి సెలవులు. రైళ్ళు, హోటళ్ళు, గోడ మెట్లు అన్నీ కిక్కిరిసిపోతాయి. రెండు వారాలు ఆగితే అదే బీజింగ్ చల్లగా, తీరిగ్గా దొరుకుతుంది.

నిషిద్ధ నగరానికి గేటు దగ్గర టికెట్ దొరుకుతుందని నమ్ముకుని వెళ్ళకండి. రోజుకి ఇంతమందినే అనే పరిమితి ఉంది. టికెట్లు వారం ముందు, రాత్రి 8 గంటలకి ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. రద్దీ రోజుల్లో కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి. అందుకే నలుగురి పాస్‌పోర్టు నంబర్లూ, పేర్లూ ముందే ఆ టికెట్లు అమ్మే యాప్‌లో నమోదు చేసి ఉంచండి. ఎనిమిదింటికి టైపు చేయడం మొదలుపెడితే దొరకవు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. ప్రభుత్వ సెలవులు తప్ప సోమవారాలు మూసి ఉంటుంది. ఆ రోజు గోడకి పెట్టుకోండి. టికెట్ పాస్‌పోర్టుకే ముడిపడి ఉంటుంది కాబట్టి ఫోన్లో ఫోటో ఉంది కదా అని అసలుది హాస్టల్లో వదిలి వెళ్ళొద్దు.

లోపలికి దక్షిణాన ఉన్న వూమెన్ ద్వారం నుంచే పంపిస్తారు. తియానన్మెన్ చౌక్ కూడా చూడాలంటే దానికి విడిగా రిజర్వేషన్ కావాలి, తనిఖీ వరుసలో గంట దాకా పట్టొచ్చు. ఉత్తర ద్వారం నుంచి బయటికి వచ్చి రోడ్డు దాటితే జింగ్‌షాన్ తోట. దాని గుట్ట ఎక్కితే పసుపు పచ్చ పెంకుల కప్పులన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. దీన్ని మాత్రం వదులుకోకండి.

గోడ చూడ్డానికి బాదాలింగ్ అనే భాగానికి వెళ్ళడం తేలిక. చింగ్‌హ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలుంది, జనం కూడా అక్కడే ఎక్కువ. నడవగలిగినవారికి మూతియాన్యూ అనే ఇంకో భాగం మేలు. కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి 20వ బురుజు వైపు వెళ్తే చివరి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవారు అటు వెళ్ళకపోవడమే మంచిది. 6వ బురుజు దగ్గర కుర్చీ లిఫ్ట్ ఉంది, కిందికి జారుడుబండి మీద దిగొచ్చు. కేబుల్ కారు, కుర్చీ లిఫ్ట్ వేర్వేరు సంస్థలవి. ఒకదానికి కొన్న రానుపోను టికెట్ రెండోదానికి పనికిరాదు. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో కిందే తేల్చుకుని కొనండి.

విద్యార్థి కార్డు వెంట ఉంచుకోండి. చాలాచోట్ల సగం ధర రాయితీ డిగ్రీ స్థాయి వరకే. పీజీ, పీహెచ్‌డీ వాళ్ళకి తరచుగా వర్తించదు.

ప్రశ్న: వచ్చి మూడు వారాలైంది. రెసిడెన్స్ పర్మిట్ ఇంకా రాలేదు. ఈ లోపు స్నేహితులతో హాంకాంగ్ వెళ్ళి రావచ్చా?

జవాబు: వెళ్ళకండి. మీ ఎక్స్1 (దీర్ఘకాల విద్యార్థి) వీసాలో ఉండే రోజుల దగ్గర 000 అని ఉంటుంది, చూడండి. అంటే దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేయాలని అర్థం. ఆ వీసా సాధారణంగా ఒక్క ప్రవేశానికే. హాంకాంగ్ చైనాలో భాగమే అయినా వలస లెక్కల్లో అక్కడికి వెళ్ళడమంటే దేశం దాటడమే. ఆ ఒక్క ప్రవేశమూ మీరు వచ్చినప్పుడే ఖర్చయిపోయింది కాబట్టి, పర్మిట్ చేతికి రాకముందు దాటితే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. సెమిస్టర్ మధ్యలో అది పెద్ద చిక్కు.

పర్మిట్ వచ్చాక దాని గడువులో ఎన్నిసార్లయినా వెళ్ళి రావచ్చు. అయితే భారత పాస్‌పోర్టు ఉన్నవారు హాంకాంగ్‌కి బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకుని, ఆ కాగితం అచ్చు తీసుకుని వెళ్ళాలి. దానితో వెళ్ళిన ప్రతిసారీ 14 రోజుల వరకు ఉండొచ్చు. తిరిగొచ్చాక పోలీసుల దగ్గర మీ బస వివరాలు మళ్ళీ నమోదు చేయించాలేమో మీ విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగండి, ఊరిని బట్టి పద్ధతి మారుతుంది.

దేశం లోపల తిరిగేటప్పుడు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హోటల్లో దిగితే మీ వివరాలు వాళ్ళే పోలీసులకి పంపుతారు. స్నేహితుడి గదిలో పడుకుంటే 24 గంటల్లో మీరే నమోదు చేయించుకోవాలి. మరిస్తే హెచ్చరిక, 2,000 యువాన్ల వరకు జరిమానా కూడా పడొచ్చు.

ప్రశ్న: రైలు టికెట్లు ఎప్పుడు చూసినా అయిపోయినట్టే కనిపిస్తున్నాయి. స్లీపర్‌లో ఏ బెర్తు మంచిది?

జవాబు: రైల్వే యాప్ 12306లో ప్రయాణానికి 15 రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది. ఏ గంటకి అన్నది స్టేషన్‌ని బట్టి మారుతుంది, యాప్‌లోనే చూసుకోవచ్చు. అయిపోయాయని కనిపించినా వదిలేయకండి. ‘హౌబు’ అనే నిరీక్షణ జాబితా ఉంది. డబ్బు ముందే కడితే, ఎవరైనా రద్దు చేసుకున్నప్పుడు టికెట్ దానంతటదే మీ పేర వస్తుంది. రాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది.

విదేశీయుల పాస్‌పోర్టును యాప్ ధ్రువీకరించడానికి సమయం పడుతుంది కాబట్టి ఖాతా కొన్నాళ్ళ ముందే తెరవండి. ఇంటిపేరు, అసలు పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఇవ్వాలి. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో కొన్నిటికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, చిక్కు అక్కడే వస్తుంది. అలాంటప్పుడు స్టేషన్ కౌంటర్లో ధ్రువీకరణ చేయించుకోవడమే దారి.

కాగితం టికెట్ అక్కర్లేదు, పాస్‌పోర్టే టికెట్. మెషిన్ చదవకపోతే పక్కనే మనిషి ఉన్న గేటు ఉంటుంది. బయల్దేరే సమయానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. రైలు కళ్ళ ముందు నిలబడి ఉన్నా పంపరు. పైగా స్టేషన్ గుమ్మంలోనే సామాను తనిఖీ ఉంటుంది, అందుకని గంట ముందు చేరండి. స్టేషన్ పేరు చివరి మాట కూడా జాగ్రత్తగా చూడాలి: దోంగ్ అంటే తూర్పు, షీ పడమర, నాన్ దక్షిణం, బే ఉత్తరం. షాంఘై హైస్పీడ్ రైళ్ళు ఎక్కువగా బీజింగ్ నాన్ నుంచి, షీయాన్ రైళ్ళు బీజింగ్ షీ నుంచి బయల్దేరతాయి. రైలు తప్పిపోయినా ఆ రోజే వెళ్ళే వేరే రైలుకి మార్చుకునే వీలుంది, సీటు ఖాళీ ఉండాలి అంతే.

హార్డ్ స్లీపర్ అంటే తలుపు లేని అరలో ఆరు బెర్తులు, మూడంతస్తులు. కింది బెర్తు ధర కాస్త ఎక్కువ. పగలు అందరూ దాని మీదే కూర్చుంటారు. పై బెర్తులో నిటారుగా కూర్చోలేరు. రాత్రి ప్రయాణానికి మధ్య బెర్తు సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: మనదేశంతో సంబంధమున్న బౌద్ధ స్థలాలు చూడాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: షీయాన్‌లో మొదలుపెట్టండి. అందరూ మట్టి సైనికుల కోసం వెళ్తారు, అది చూడాల్సిందే. కానీ ఊళ్ళోనే పెద్ద అడవి బాతు గోపురం ఉంది. 645లో భారతదేశం నుంచి తిరిగి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో దాన్ని కట్టారు. ధాన్యకటకం చూసి వెళ్ళిన యాత్రికుడాయన. అమరావతి స్తూపం చూసినవాళ్ళకి ఆ మెట్లు ఎక్కుతుంటే దూరం తరిగినట్టు ఉంటుంది.

తరవాత దున్‌హువాంగ్‌లోని మొగావో గుహలు. మనుషుల ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కుడ్యచిత్రాల్ని పాడుచేస్తాయని సందర్శకుల సంఖ్యని కట్టడి చేశారు. సీజన్లో పూర్తి టికెట్ 238 యువాన్లు, ఎనిమిది గుహలు చూపిస్తారు. అది అయిపోతే నాలుగు గుహల టికెట్ 100కి దొరుకుతుంది. నెల ముందు రిజర్వేషన్ చేసుకోండి. చాలామంది చేసే పొరపాటు నేరుగా గుహల దగ్గరికి వెళ్ళిపోవడం. పూర్తి టికెట్ ఉన్నవారు ముందు డిజిటల్ కేంద్రానికి వెళ్ళాలి. అక్కడ సినిమాలు చూపించి, వాళ్ళ బస్సులోనే గుహలకి తీసుకెళ్తారు. లోపల ఫోటోలు నిషిద్ధం.

బౌద్ధం కోసమే కాదు, మనకోసం కూడా ఒక ఊరుంది: చ్వాన్‌జౌ. కాయ్‌యువాన్ ఆలయం ప్రధాన మందిరం వెనక రాతి స్తంభాల మీద నరసింహుడు, కృష్ణుడు కనిపిస్తారు. ఈ ఓడరేవులో స్థిరపడిన దక్షిణ భారత వర్తకులు కట్టుకున్న గుడి శిథిలాలవి. 1281 నాటి తమిళ శాసనమూ ఇక్కడే దొరికింది. షియామెన్ నుంచి హైస్పీడ్ రైల్లో గంట లోపే. పర్యాటకులు తక్కువ, చూడాల్సింది ఎక్కువ.

ప్రశ్న: రెసిడెన్స్ పర్మిట్ ఉంటే టిబెట్‌కి సొంతంగా వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళలేరు. విదేశీయులెవరికైనా టిబెట్ పర్మిట్ కావాలి. దాన్ని ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే తీసుకోవాలి, గైడుతోనే తిరగాలి. పర్మిట్ లేకుండా లాసా రైలు ఎక్కనివ్వరు. ఫిబ్రవరి చివర, మార్చిలో సాధారణంగా విదేశీయులని అనుమతించరు. లాసా సుమారు 3,650 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రెండు రోజులు మెట్లెక్కే పనులు పెట్టుకోవద్దు. డబ్బు సరిపోకపోతే గాన్సులోని లాబ్రాంగ్ మఠం, షీనింగ్ దగ్గరి కుంబుమ్ మఠం చూడండి. టిబెటన్ బౌద్ధ జీవితం అక్కడా నిండుగా ఉంది, వాటికి ఆ పర్మిట్ అక్కర్లేదు.

ప్రశ్న: శాకాహారిని. దారిలో ఏం తినాలి?

జవాబు: ‘మాంసం వద్దు’ అంటే ముక్కలు తీసేస్తారు, పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్ అలాగే ఉంటాయి. ‘వో చి సూ’ అనండి, నేను శాకాహారిని అని. గుడ్డు కూడా తినకపోతే అది విడిగా చెప్పాలి. ఈ మాటలన్నీ చైనా లిపిలో ఫోన్లో రాసి చూపిస్తే ఇంకా మేలు. పెద్ద బౌద్ధాలయాల పక్కన ‘సూషి’ (అంటే శాకాహారం, జపాన్ వంటకం కాదు) బోర్డున్న భోజనశాలలుంటాయి. అక్కడ మాంసంలా కనిపించేది కూడా సోయాతోనో గోధుమతోనో చేసిందే, నిశ్చింతగా తినొచ్చు.