బిడ్డకు కుక్కపిల్ల కావాలి, అత్తమ్మ వద్దంటున్నారు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయన రైసుమిల్లులో లెక్కలు చూస్తారు. పొద్దున ఎనిమిదిన్నరకు అందరం వెళ్లిపోతే సాయంత్రం అయిదు దాకా ఇంట్లో మా అత్తమ్మ ఒక్కరే. ఆమెకు 67 ఏళ్లు. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ రెండేళ్లుగా చిన్న కుక్క కావాలని అడుగుతోంది. మంచి మార్కులొస్తే తెస్తానని వాళ్ల నాన్న మాటిచ్చారు, మార్కులొచ్చాయి. హైదరాబాదులో ఉండే మా మరిది ఒక 'టీకప్ పామేరియన్' ఫొటో, ఒక షిట్జు ఫొటో పంపి ఏదో ఒకటి ఖాయం చేయమంటున్నాడు. అత్తమ్మేమో 'దేవుని అర్ర ఉన్న ఇంట్లకు కుక్కేంది, కాళ్లల్ల పడితే నేను మళ్ల లేస్తనా' అంటున్నారు. బిడ్డ నాయనమ్మతో మాట్లాడటం మానేసింది. మాది మేడ మీద సొంతిల్లు. ఏ జాతి తేవాలి? అత్తమ్మను ఎట్లా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ కుక్క ఎవరి దగ్గర బతుకుతుంది? చిన్న జాతి కుక్క 12 నుంచి 16 ఏళ్లు బతుకుతుంది. మీ అమ్మాయి వచ్చే ఏడు టెన్త్, ఆ తర్వాత ఇంటర్. మీ వైపు పిల్లల్లో చాలామంది ఇంటర్‌కు హైదరాబాదు హాస్టళ్లకే పోతున్నారు. అంటే కుక్కకు రెండేళ్లు నిండకముందే అడిగి తెప్పించుకున్న పిల్ల ఇంట్లో ఉండకపోవచ్చు. అప్పటిదాకానైనా పగలు ఎనిమిదిన్నర గంటలు దానికి నీళ్లు పెట్టేది, ఉచ్చ తుడిచేది, వాంతి చేసుకుంటే ముందుగా చూసేది మీ అత్తమ్మే. అందుకే కుక్కను ఆమె వయసుకు, ఆమె మోకాళ్లకు, ఆమె పగటి పూటకు సరిపోయేలా ఎంచుకోవాలి. ఆ లెక్కన చూస్తే మీ మరిది పంపిన రెండూ మీ ఇంటికి పనికిరావు.

టీకప్ అని ప్రత్యేకమైన జాతి లేదు. కుక్కల జాతులను నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్బూ దాన్ని గుర్తించలేదు. ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఒకే కాన్పులో అన్నిటికన్నా బక్కగా పుట్టిన పిల్లలు, లేదా నెలా పది రోజులకే తల్లి నుంచి విడదీసి 'ఇది ఇంతే ఉంటుంది' అని చెప్పేవి. తూకం బాగా తక్కువున్న పిల్లకు కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు. ఒక పూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. నాలుగు నెలలు నిండేదాకా రోజుకు నాలుగుసార్లు తినిపించాలి. తూలడం మొదలైతే చిగుళ్లకు తేనెగానీ చక్కెర పాకంగానీ రుద్ది వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటరిగా ఉన్న పెద్దామె మీద ఈ బాధ్యత పెట్టడం న్యాయం కాదు.

షిట్జు నెమ్మదైనదే, పెద్దవాళ్లతో బాగా ఉంటుంది. కానీ దాని ముక్కు అణిగి ఉంటుంది. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. ముక్కు, గొంతు ఇరుకైతే రొప్పినా వేడి బయటికి పోదు. పగ్‌కూ ఇదే కష్టం. మే నెలలో నల్లగొండ జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, మీది పైన స్లాబే ఉన్న ఇల్లు. కూలర్ నడుస్తున్నంతసేపు పరవాలేదు, మధ్యాహ్నం కరెంటు పోతే? పైగా షిట్జు వెంట్రుకలు రోజూ దువ్వాలి, లేదంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరించాలి. వదిలేస్తే చంకల్లో, చెవుల వెనక జడకట్టి కింద చర్మం పుండు పడుతుంది.

డాక్స్‌హండ్ ఎండకు తట్టుకుంటుంది గానీ దాని నడుము పొడుగు. రోజూ మెట్లెక్కి దిగితే వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్లు పడిపోయే ప్రమాదముంది. మేడ మీది ఇంటికి వద్దు. చివావా మూడు కిలోలు దాటదు, గచ్చు మీద కనబడనంత చిన్నది. మీ అత్తమ్మ భయపడేది సరిగ్గా దానికే.

మరి ఏది? నా సలహా ఇండియన్ స్పిట్జ్, అదీ రెండు మూడేళ్లు దాటిన పెద్దది. మన ఊళ్లలో పామేరియన్ అంటూ దశాబ్దాలుగా పెంచుతున్న తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం నిజానికి ఇవే. అసలు పామేరియన్ ఒకటిన్నర నుంచి మూడు కిలోల పైచిలుకు ఉంటే, స్పిట్జ్‌లో చిన్న రకం 5 నుంచి 7 కిలోలు తూగుతుంది. మూతి పొడుగు, శ్వాసకు అడ్డం లేదు, తరాలుగా మన ఎండల్లో పెరిగిన జాతి. తెల్లగా కనబడుతుంది కాబట్టి చీకట్లో కాలికి తగలడమూ తక్కువే. లోపం ఒకటుంది, బాగా మొరుగుతుంది. మధ్యాహ్నం గేటు చప్పుడైనా మొరుగుతుంది. ఒంటరిగా ఉండే పెద్దామెకు అది ధైర్యం కావచ్చు, పక్కింటివాళ్లకు చిరాకు కావచ్చు. ముందే ఆలోచించుకోండి.

పెద్ద కుక్క అనగానే అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంటుంది. ఆమెకు ఈ లెక్క చెప్పండి. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు. అయిదు నెలల వయసుకు అయిదారు గంటలు. అంటే మొదటి మూడు నెలలు పగటిపూట రోజుకు మూడు నాలుగుసార్లు నాయనమ్మ వంగి తుడవాలి. పెద్ద కుక్క ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆపుకుంటుంది, మధ్యాహ్నం ఒక్కసారి డాబా మీదికి వదిలితే చాలు. దాని గుణం ఏమిటో కూడా ముందే తెలిసిపోతుంది. పార్వో వైరస్ భయమూ తక్కువ. రక్త విరేచనాలు, వాంతులతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసే ఆ జబ్బు ఎక్కువగా టీకాలు పూర్తికాని పిల్లలకే వస్తుంది. ఊరు మారేవాళ్లు, ఇల్లు మారేవాళ్లు పెంచుకున్న కుక్కను మంచి ఇంటికి ఇవ్వాలని చూస్తుంటారు. మీ పశువుల దవాఖానలో, మిర్యాలగూడ నుంచి నల్లగొండ, సూర్యాపేట దాకా మందుల షాపుల్లో అడిగి పెట్టండి. రెండు మూడు నెలలు పట్టినా ఆగండి.

అయినా పిల్లనే తెస్తామంటే, ఎనిమిది వారాలు నిండనిది తీసుకోకండి. అంతకంటే చిన్నదాన్ని అమ్మకూడదని 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. నోరు తెరిచి చూడండి, ఎనిమిది వారాలకు పాలపళ్లు 28 దాదాపుగా వచ్చేసి ఉంటాయి. ముందు పళ్లు అప్పుడప్పుడే మొలుస్తుంటే దాని వయసు నెల, నెలన్నర అన్నమాట. తల్లిని చూపించమనండి. తల్లిని చూపించనివాళ్ల దగ్గర, ఫొటో పెట్టి అడ్వాన్సు పంపమనేవాళ్ల దగ్గర, డబ్బాలో పెట్టి బస్సులో పంపిస్తామనేవాళ్ల దగ్గర కొనవద్దు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాలకు, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆపైన ఏటేటా. ఇవి పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద నడిపించకూడదు.

ఇక మీ అత్తమ్మ మాట. ఆమెను ఒప్పించాలని అడిగారు. ఆమె చెప్పిన రెండు కారణాలూ సరైనవే, ఒప్పించడానికి ముందు వాటికి జవాబుండాలి. మొదటిది దేవుని అర్ర. గడపకు రెండున్నర అడుగుల ఎత్తున చిన్న గేటు పెట్టించండి, కర్రదైనా స్టీలుదైనా సరే, ఊచల మధ్య సందు రెండంగుళాలు దాటకూడదు. గొళ్లెం ఆమె నడుము ఎత్తులో ఉండాలి, వంగే పని లేకుండా. చిన్న స్పిట్జ్ మామూలుగా దాన్ని దూకదు. వంటింటికి కూడా అలాంటిదే పెట్టిస్తే పొయ్యి దగ్గర కాళ్లల్లో తిరగదు. ఆడకుక్కయితే ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, ప్రతిసారీ అది రెండు మూడు వారాలుంటుంది, ఆ రోజుల్లో రక్తం మరకలు పడతాయి. పూజ పట్టింపు ఉన్న ఇంట్లో దీని మీదే గొడవలవుతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినదాన్ని తెచ్చుకోండి, లేదా డాక్టరును అడిగి చేయించండి. గర్భసంచిలో చీము పట్టే జబ్బు కూడా దానితో తప్పుతుంది.

రెండోది కాళ్లల్లో పడటం. ఆ వయసులో తుంటి విరిగితే మనిషి మంచాన పడతారు, ఆమె భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. కుక్క పట్టీకి చిన్న గజ్జె కట్టండి, ఎటునుంచి వస్తుందో వినబడుతుంది. రాత్రి ఆమె గది నుంచి బాత్రూం దాకా సన్నని లైటు వెలగాలి, ఆ వేళకు కుక్క తన గూట్లోనో మీ గదిలోనో ఉండాలి. ఆమె కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు 'కూర్చో' అనాలి, కుక్క కూర్చున్నాకే లేవాలి. ఆ మాట కుక్కకు నేర్పే బాధ్యత అమ్మాయిది, చిన్న చికెన్ ముక్కతో రోజుకు రెండుసార్లు అయిదేసి నిమిషాలు చాలు. నేర్పేటప్పుడు నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టుకునే నేర్పమనండి, నెలయ్యేసరికి నాయనమ్మ నోటి మాట కూడా వింటుంది.

అత్తమ్మ ఒప్పుకున్నాక వచ్చే చిక్కు వేరే ఉంటుంది, అదే తిండి. ప్రేమగా చేతిలో ఉన్నది పెట్టేస్తారు. అయిదు కిలోల కుక్కకు రోజంతటికీ సుమారు 350 కేలరీలు చాలు. ఒక్కో గ్లూకోజ్ బిస్కెట్టులో ఇంచుమించు 25 ఉంటాయి. టీ తాగినప్పుడల్లా రెండేసి పెడితే సాయంత్రానికి మూడో వంతు తిండి బిస్కెట్లే అవుతాయి. లావెక్కితే మోకాలి చిప్ప జారడం, గొంతు గొట్టం నొక్కుకుపోయి బాతు అరుపు లాంటి దగ్గు రావడం ఎక్కువవుతాయి. ఈ చిన్న జాతులకు అవి ఎలాగూ ఉన్న బలహీనతలు. అందుకే మెడ పట్టీ కాకుండా ఛాతీ పట్టీ వేయండి. మీ ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే అది పరుగెత్తే దారిలో చాపలు పరవండి. షాబాదు బండలైతే కొంత నయం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర, కిస్‌మిస్‌లు, చాక్లెట్, వండిన కోడి బొక్కలు అసలు పెట్టకూడదు. జ్వరమొచ్చిందని మన మాత్ర విరిచి వేయకూడదు. నీళ్లు మీరు తాగేవే పెట్టండి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వద్దు.

ఎండాకాలం నడక పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఏడు దాటాక. వెంట్రుకలు గుండు చేయించకండి, అవి ఎండను ఆపుతాయి, మళ్లీ సరిగ్గా మొలవకపోవచ్చు కూడా. వారానికి మూడుసార్లు దువ్వితే లోపలి నూగు ఊడి గాలి ఆడుతుంది. ఆగకుండా రొప్పుతూ, నాలుక ముదురు ఎరుపెక్కి తూలుతుంటే ఒంటి మీద మామూలు చల్లనీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టి దవాఖానకు తీసుకుపోవాలి. వారానికోసారైనా చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. తినడం మానేసి, చిగుళ్లు తెల్లబడితే పిడుదుల జ్వరం అనుమానించి రక్త పరీక్ష చేయించాలి. డాబా మీద మాత్రం ఒంటరిగా వదలకండి. కోతుల గుంపు వస్తే అయిదు కిలోల కుక్క నిలబడలేదు, దాన్ని కాపాడబోయి అత్తమ్మ దెబ్బ తింటారు. మధ్యాహ్నం వదిలే చోటుకు చుట్టూ, పైనా జాలీ కొట్టించండి.

తెచ్చే ముందు ఒక పని చేయండి. మూడు వారాలు అమ్మాయి కుక్క ఉన్నట్టే నడుచుకోవాలి. పొద్దున ఆరింటికి లేచి అరగంట నడక, వచ్చి ఒక గది తుడవడం, సాయంత్రం మళ్లీ అరగంట, పరీక్షలున్నా సరే. ఆ తర్వాత తెలిసినవాళ్లు ఊరెళ్లినప్పుడు వాళ్ల కుక్కను నాలుగైదు రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి, అందులో రెండు రోజులైనా మీరు స్కూలుకు పోయే రోజులై ఉండాలి. పగలు ఎలా గడిచిందో అమ్మాయే నాయనమ్మ పక్కన కూర్చుని అడగాలి. వాళ్లిద్దరి మధ్య మాటలు ఆగిపోయాయన్నారు కదా, ఈ పని మీదైనా అవి మొదలుకావాలి.

ఆ తర్వాత కూడా ఆమె వద్దంటే, వద్దే. పగలంతా చూసుకోవలసిన మనిషికి ఇష్టంలేని ఇంట్లో కుక్క గొలుసుకు కట్టేసిన బతుకు బతుకుతుంది. ఆ మాట అమ్మాయికి చెప్పాల్సింది మీరూ కాదు, అత్తమ్మా కాదు. మాటిచ్చింది మీ ఆయన కాబట్టి ఆయనే చెప్పాలి, 'మీ నాయనమ్మ వల్ల' అనకుండా, 'ఇంట్లో వాళ్లను అడగకుండా నేను మాటిచ్చాను, అది నా తప్పు' అని. మార్కులకు బదులుగా ప్రాణమున్నదాన్ని ఇస్తాననడం కూడా అక్కడితో ఆపేయమనండి. మరిదికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి ఏదీ ఖాయం చేయవద్దని, అడ్వాన్సు పంపవద్దని చెప్పండి.