సింకు కింద అన్ని సీసాలు ఎందుకు?

ఇంట్లో వాడే క్లీనర్లు, డిటర్జెంట్లు, సువాసనల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. డిటర్జెంట్లు తయారుచేసే ఒక ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలంటే నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. ఎక్కువమందికి పనికొచ్చేవి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతా వాటికి సగం జవాబు అందులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఆయనా నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి కొన్నాళ్లుగా పిల్లికూతలు వస్తున్నాయి. ఘాటు వాసనలకు దూరంగా ఉంచమని డాక్టర్ గారు చెప్పారు. సింకు కింద చూస్తే రకరకాల సీసాలు. పోనీ ‘నేచురల్’, ‘గ్రీన్’ అని రాసినవి కొందామంటే వాటి మీద కూడా నోరు తిరగని పేర్లే. అన్ని లేబుళ్లూ చదివే టైమ్ నాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: అమ్మా, కొత్తవి కొనే ముందు ఉన్నవాటిలో కొన్ని తీసేయండి. టైమ్ లేని ఇంటికి ఇంతకంటే తేలికైన పని లేదు. వస్తువు ఇంట్లోనే లేనప్పుడు దాని లేబుల్ చదివే శ్రమ కూడా ఉండదు.

మొదట రూమ్ ఫ్రెషనర్. దానివల్ల ఏదీ శుభ్రపడదు. చెడు వాసన ఉన్నచోటే ఉంటుంది, దాని మీద ఇంకో వాసన వచ్చి చేరుతుంది. సీసా మీద ‘ఫ్రాగ్రెన్స్’ అనో ‘పర్‌ఫ్యూమ్’ అనో ఒక్క మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. మా ల్యాబ్‌కి సువాసన బయటినుంచి డ్రమ్ముల్లో వచ్చేది. అందులో ఏమేం కలిపారో పూర్తి జాబితా మాకే ఇచ్చేవారు కాదు, అది వాళ్ల వ్యాపార రహస్యం. తయారుచేసేవాళ్లకే తెలియనప్పుడు కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది? సువాసన సహజమైనదైతే పరవాలేదా అంటే, అదీ కాదు. నిమ్మజాతి తొక్కల్లో ఉండే లిమొనిన్‌నే తీసుకోండి. గాలిలోని ఓజోన్‌తో కలిసినప్పుడు దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు పుడుతుంది. పిల్లికూతలున్న బాబు పీల్చాల్సిన గాలి కాదది. గదిలో వాసన వస్తుంటే చెత్తబుట్టో, తడి గుడ్డో, డ్రెయినో ఎక్కడో కారణం ఉంటుంది. దాన్ని వెతికి కడిగి, కిటికీలు తెరవండి.

తర్వాత స్ప్రేలు. లోపలి ద్రవం ఒకటే అయినా, స్ప్రే కొట్టినప్పుడు అది సన్నని తుంపరగా మారి గాలిలో తేలుతూ నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2018లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు వేల మందికి పైగా మనుషుల ఊపిరితిత్తుల పనితీరును 20 ఏళ్ల కాలంలో కొలిచి చూశారు. ఇంట్లో గానీ, ఉద్యోగంగా గానీ శుభ్రం చేసే పనిలో ఉన్న ఆడవాళ్లలో, ఆ పని చేయనివాళ్ల కంటే ఊపిరితిత్తుల శక్తి త్వరగా తగ్గింది. మీ ఉత్తరమంతా బాబు గురించే రాశారు. ఆ సీసా పట్టుకుని నిలబడేది మీరు కదా, మీ ఊపిరి గురించి ఎవరు ఆలోచిస్తారు? ఇంటి పని ఎవరి మీద పడుతుందో ఆ మనిషి ఆరోగ్యం లెక్కలోకే రాకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఏ క్లీనర్ అయినా గుడ్డ మీద పోసుకుని తుడవండి, గాలిలోకి కొట్టకండి. మీవారు తుడిచినా సరే, ఇదే పద్ధతి.

మూడోది బట్టల సాఫ్ట్‌నర్. ఉతికిన బట్టల మీద పూతలా మిగిలిపోవడమే దాని పని. సువాసన కూడా దాంతోపాటే మిగిలి, రోజంతా పిల్లల ఒంటిని అంటుకుని ఉంటుంది. పైగా తువ్వాళ్లు నీళ్లు సరిగా పీల్చుకోవు. మానేస్తే పోయేదేమీ లేదు.

ఇక ఉండాల్సినవి ఏమిటంటే: గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి, సువాసన లేని బట్టల డిటర్జెంట్ ఒకటి, టాయిలెట్‌కి ఒకటి. అవసరం పడినప్పటికి చిన్న బ్లీచ్ సీసా, అది కూడా పిల్లలకు అందని అలమారలో. గిన్నెల లిక్విడ్‌ని తక్కువ చేసి చూడకండి. అందులోని అణువుకు ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది. కౌంటర్ మీద జిడ్డయినా, వాష్ బేసిన్ అయినా, నేల అయినా మురికి వదిలేది ఇలాగే. బకెట్ నీళ్లలో కాస్త వేసుకుంటే చాలు. నేలకొకటి, వంటింటికొకటి, అద్దానికొకటి అంటూ విడివిడిగా అమ్మే సీసాల్లో చాలావాటికి ఆధారం ఇదే గుణం. డిటర్జెంట్ ఏదైనా చెప్పిన కొలతకు మించి వేయకండి. మించినది బట్టల్లోనే మిగులుతుంది.

కొనేటప్పుడు ‘అన్‌సెంటెడ్’ అన్నది చూసి మోసపోకండి. వాసన తెలియకుండా ఉండటానికి ఇంకో సువాసన కలిపినవి కూడా ఆ పేరుతో వస్తాయి. మీకు కావలసింది ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’. ‘నేచురల్’, ‘గ్రీన్’, ‘కెమికల్ ఫ్రీ’ అన్న మాటలను నేను అసలు లెక్కలోకి తీసుకోను. కర్పూరం చెట్టునుంచి వచ్చేదే, కానీ చిన్నపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. బయటివాళ్లు పరీక్షించి ఇచ్చే గుర్తులైతే వేరే సంగతి. 1978లో జర్మనీలో మొదలైన బ్లూ ఏంజెల్, 1992 నుంచి ఉన్న యూరోపియన్ యూనియన్ ఎకోలేబుల్, అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే సేఫర్ చాయిస్ అలాంటివి. అవి ఉన్న సీసా దొరికితే తీసుకోండి. దొరక్కపోతే ఒక్క బొమ్మ కోసం చూడండి. ఎర్ర అంచున్న డైమండ్ లోపల, చేతి మీదా లోహం మీదా ద్రవం ఒలుకుతున్న బొమ్మ. చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుందని దాని అర్థం. చాలా దేశాల్లో ఇదే గుర్తు వాడతారు. రోజువారీ పనికి అది ఉన్న సీసా అక్కర్లేదు.

వద్దనుకున్నవన్నీ ఒకేసారి సింకులో పారబోయకండి. ఇది మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది. ఒక్కొక్కటీ వాడి ముగించండి, లేదా ప్రమాదకరమైన చెత్తను విడిగా తీసుకునే ఏర్పాటుంటే అక్కడ ఇవ్వండి. ఏదీ మంచినీళ్ల సీసాలోకి మార్చి పెట్టకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, టాయిలెట్ క్లీనర్ మీద బ్లీచ్ కూడా పోస్తే తళతళలాడుతుందని మా రూమ్మేట్ చెప్పాడు. పోసిన వెంటనే కళ్లు మండి, దగ్గు ఆగలేదు. బయటికి పరుగెత్తాను. అలవాటు లేక అలా అయిందా?

జవాబు: అలవాటుతో దీనికి సంబంధం లేదు బాబూ. మీరు పీల్చింది క్లోరిన్ వాయువు. చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. రెండూ కలిస్తే క్లోరిన్ విడుదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని యీప్ర్ అనే ఊరి దగ్గర సైనికుల మీదికి వదిలింది కూడా ఈ వాయువునే. మీరు బయటికి పరుగెత్తి చాలా మంచి పని చేశారు.

వెనిగర్ కూడా యాసిడే కాబట్టి బ్లీచ్‌తో కలిస్తే ఇదే జరుగుతుంది. కొన్ని అద్దాల క్లీనర్లలో అమ్మోనియా ఉంటుంది, అది బ్లీచ్‌తో కలిస్తే క్లోరమిన్లు అనే ఇంకో రకం విషవాయువులు వస్తాయి. డ్రెయిన్ క్లీనర్‌ని దేంతోనూ కలపకూడదు. ఒక పూట ఒక్కటే వాడండి. వాడాక నీళ్లతో బాగా కడిగేయండి. ఇంకెప్పుడైనా ఇలా అయితే లోపలికి మళ్లీ వెళ్లి శుభ్రం చేసే ప్రయత్నం చేయొద్దు. ఆయాసం గానీ ఛాతీలో బిగుతు గానీ ఉంటే ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. మీ రూమ్మేట్‌కి ఈ జవాబు చూపించండి.

ప్రశ్న: వెనిగర్, బేకింగ్ సోడా కలిపి సీసాలో పోసి ఉంచుకుంటే ఇంటికంతటికీ సరిపోతుందని వీడియోల్లో చూశాను. నిజమేనా అండీ?

జవాబు: కలపకండి. ఒకటి యాసిడ్, ఒకటి క్షారం. కలిసినప్పుడు నురగ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. అది పోయాక మిగిలేది నీళ్లు, సోడియం ఎసిటేట్ అనే ఒక లవణం. రెండింటి బలమూ పోయినట్టే. మూత బిగించి ఉంచితే సీసా పగిలే ప్రమాదం కూడా ఉంది. విడివిడిగా అయితే రెండూ మంచివే. కుళాయిల మీద పేరుకున్న తెల్లని ఉప్పు మరకకు వెనిగర్, అడుగంటిన గిన్నెకు తడి గుడ్డ మీద బేకింగ్ సోడా. పాలరాయి మీద వెనిగర్ వద్దు, రాయి మెరుపు పోతుంది. క్రిములను చంపే పని మాత్రం ఈ రెండింటి మీదా పెట్టుకోకండి.

ప్రశ్న: అమ్మా, మా మనవడికి ఎనిమిదో నెల. ఇల్లంతా పాకుతున్నాడు. అందుకని రోజూ డిసిన్ఫెక్టెంట్‌తో నేల తుడిపిస్తున్నాను. మా కోడలు వద్దంటోంది. ఇంకో మాట, వాడికోసం దాచిన బట్టల్లో కలరా ఉండలు వేశాను. తీసి వెంటనే తొడగొచ్చా?

జవాబు: తొడగకండమ్మా, ముందు ఈ సంగతి చూడండి. కలరా ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలిన్. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేస్తుంది. ప్రపంచంలో కోట్లమందికి ఈ లోపం ఉంది, పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. బట్టలు ఉతికి, ఎండలో బాగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. ఆ ఉండలు అలమారలోంచి తీసేయండి. పాకే పిల్లాడికి అవి మిఠాయిల్లా కనిపిస్తాయి. బట్టలు శుభ్రంగా ఉతికి, తడి లేకుండా మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టుకుంటే పురుగు పట్టదు.

నేల విషయంలో మీ కోడలి మాటే సరైనది. వాడు చేతులు నేల మీద పెట్టి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. నేల మీద ఏ మందు మిగిలితే అది వాడి నోట్లోకి వెళ్తుంది. రోజూ సబ్బు నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిస్తే చాలు. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయినప్పుడు ఆ చోటుకి డిసిన్ఫెక్టెంట్ వాడండి. అప్పుడు కూడా ముందు మురికి కడగాలి, తర్వాత మందు వేసి లేబుల్ మీద ఎన్ని నిమిషాలని ఉంటే అన్ని నిమిషాలు తడిగా ఉంచాలి. వేసిన వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. చేతులకు కూడా మామూలు సబ్బే చాలు. 2016లో అమెరికాలో ఆహారం, మందుల మీద నియంత్రణ ఉన్న ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ, క్రిములను చంపడానికి కలిపే ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను చేతులు, ఒళ్లు కడిగే యాంటీబాక్టీరియల్ సబ్బుల్లో వాడకూడదంది. మామూలు సబ్బు, నీళ్ల కంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చేయలేకపోయాయి.

మనవడి కోసం ఇంకేదైనా చేయాలనుంటే చెప్పులు గుమ్మం బయటే విడవమనండి, నేల పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడిపించండి. పాత పెయింట్ పెచ్చులూడే ఇళ్లలో దుమ్ములో సీసం ఉండొచ్చు. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు.

ప్రశ్న: దోమల కాయిల్ వెలిగించి తలుపులు వేసుకుని పడుకుంటాం. పొగ తక్కువే కదా, పిల్లలకు ఏమైనా అవుతుందా?

జవాబు: తక్కువ కాదండీ. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే అతి సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని లెక్కగట్టారు. మూసిన గదిలో పిల్లలు రాత్రంతా దాన్నే పీలుస్తారు. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర పెట్టుకోండి. నిల్వ నీళ్లు ఎక్కడున్నాయో చూసి పారబోయండి. అది కుదిరేదాకా కాయిల్ తప్పదనుకుంటే పిల్లలు నిద్రపోయే గదిలో పెట్టకండి, కిటికీ మూయకండి.