ఓఆర్ఎస్ పట్టినా విరేచనాలు తగ్గట్లేదన్న ప్రశ్నకు సమాధానం

తప్పు ఓఆర్ఎస్ కలపడంలోనే ఉందండి. పెద్ద ప్యాకెట్‌లోంచి అంచనాగా రెండు చెంచాలు గ్లాసులో వేసి, బాబు తాగట్లేదని పంచదార కలుపుతున్నామన్నారు. ఆ పంచదార మానేయండి. ఓఆర్ఎస్ పొడిలోని సోడియం (ఉప్పులో ఉండేది), గ్లూకోజ్ (చక్కెర) పేగు గోడలోంచి జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. తీపి ఎక్కువైతే నీరు తిరిగి పేగులోకే వచ్చి విరేచనం పెరుగుతుంది. పొడి ఎక్కువై ద్రావణం చిక్కనైతే రక్తంలో సోడియం పెరిగే ప్రమాదం, అది ఇంకా చెడ్డది.

సుమారు 21 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. 4 గ్రాముల పైచిలుకు చిన్న ప్యాకెట్ అయితే 200 మి.లీ.కి. (కవరు మీద రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.) 24 గంటలు దాటితే పారబోయండి.

రెండేళ్లు నిండాయన్నారు కాబట్టి విరేచనం అయిన ప్రతిసారీ 100–200 మి.లీ. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా పట్టండి. జింక్ రోజుకి 20 మి.గ్రా., విరేచనాలు ఆగినా 14 రోజులు. మామూలు తిండి ఆపొద్దు.

ఓఆర్ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు, పోయిన నీటిని భర్తీ చేస్తుందంతే. కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, ఏమీ తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.